ఆగిన కథ, అభిమానుల తీర్పు

గోదావరి ఒడ్డునగల బాసర క్షేత్రమున, జ్ఞానసరస్వతి సన్నిధిని, పసిబిడ్డలచేత తొలి అక్షరములు దిద్దించుట తరతరముల ఆచారము. కురుక్షేత్ర యుద్ధము ముగిసిన పిమ్మట వ్యాసమహర్షి మనశ్శాంతిని కోరి ఇచ్చటికి వచ్చినాడనియు, ఏటి ఇసుకను పిడికెడేసి తెచ్చి ముగ్గురమ్మల మూర్తులను నిలిపినాడనియు, ఆయన పేరుననే ఈ ఊరు క్రమముగా బాసర అయినదనియు స్థలపురాణము చెప్పుచున్నది. యుద్ధము ముగిసినది గాని కథ ముగియలేదు. ‘తరువాత ఏమైనది?’ అని అడుగుట కథ వినువారికి పుట్టుకతో వచ్చిన గుణము.

ఆ ప్రశ్ననే తీసికొని, భారతమునకు శాస్త్రీయ కల్పనారూపమున కొనసాగింపుగా 2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏ.డి.’ అను చిత్రము వచ్చినది. నాగ్ అశ్విన్ దర్శకత్వము వహించిన ఈ చిత్రమున, శ్రీకృష్ణుని శాపమువలన చావు లేక మిగిలిన అశ్వత్థామ ఆరువేల యేండ్ల తరువాతి కాశీలో కనబడును. ప్రేక్షకులు యంత్రవాహనములను చూచి ఆశ్చర్యపడి ఊరకుండలేదు. కర్ణుని, అశ్వత్థామను చూపిన తీరు భారతమునకు తగునా అని వాదములాడినారు. ఇది కేవలము తప్పులు వెదకుట కాదు. కథ తమదని నమ్మినవారే అట్లు వాదింతురు.

ఇట్టి వాదము మనకే పరిమితము కాదు. అమెరికాలో 1966లో టెలివిజన్‌లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ను నిలిపివేయుదురన్న మాట పుట్టగా, అభిమానులు ఉత్తరములు కుప్పలుగా వ్రాసి మూడవ విడతను సాధించుకొన్నారు. 1969లో ఆగిన ఆ కథ 1979లో వెండితెరపై మరల మొదలైనది. ‘స్టార్ వార్స్’ వారు 1997లో పాత చిత్రములకే క్రొత్త దృశ్యములను చేర్చగా, మా జ్ఞాపకములను సవరించుటకు మీరెవరని పలువురు అలిగినారు. తొలి వరుస ముగిసిన పదునారేండ్లకు, 1999లో పూర్వకథ వచ్చినపుడు, ఆశతో ఎదురు చూచినవారే పెదవి విరిచినారు. విశేషమేమన, దానిని బాల్యమున చూచినవారు పెరిగి పెద్దవారై, అది మా చిత్రమని వెనకేసుకొని వచ్చినారు. తొలినాటి తీర్పు తుది తీర్పు కాదన్నమాట.

తెలుగునాట ఈ విషయమున తలచదగినది ‘ఆదిత్య 369’. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున 1991లో వచ్చిన ఈ చిత్రమున, హెచ్.జి. వెల్స్ 1895లో తన నవలయందు చూపినటువంటి కాలయంత్రము కథానాయకుని 1526 నాటి కృష్ణదేవరాయల కొలువునకును, అచ్చటినుండి 2504కును కొనిపోవును. నాయకుడును, రాయలును బాలకృష్ణయే. 2025 ఏప్రిల్ 4న మెరుగుపరచిన ప్రతితో ఈ చిత్రము మరల విడుదలైనది. నాడు తండ్రి వేలు పట్టుకొని చూచిన పిల్లవాడు నేడు తన బిడ్డలను వెంటబెట్టుకొని పోదగిన వయసువాడు. రెండవ భాగము ‘ఆదిత్య 999 మ్యాక్స్’ అను పేరుతో, తన కుమారుడు మోక్షజ్ఞ నాయకుడుగా వచ్చునని బాలకృష్ణ 2024లో ప్రకటించినారు. అభిమానికి ఆశ యెంతయో జంకును అంతే. ముప్పదినాలుగేండ్లుగా అతడు తన మనసులో ఒక రెండవ భాగమును చూచుకొనుచునే యున్నాడు. రాబోవు చిత్రము పోటీపడవలసినది దానితోనే.

ముప్పదినాలుగేండ్లు ఎక్కువనిపించును. కాని తెలుగువారు ఒక పూరణమునకై సుమారు మూడువందల యేండ్లు వేచియున్నారు. పదునొకండవ శతాబ్దమున నన్నయ తెనిగింపు అరణ్యపర్వము నడుమ ఆగినది. పదుమూడవ శతాబ్దమున తిక్కన విరాటపర్వము మొదలుకొని చివరిదాక రచించినాడే గాని ఆ వెలితిని ముట్టలేదు. పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱాప్రగడ దానిని పూరించినాడు. తన హరివంశమును ప్రోలయ వేమారెడ్డికి అంకితమిచ్చిన ఆ కవి, ఈ భాగమును మాత్రము నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే అంకితము చేసినాడు. నన్నయ పోకడతో మొదలుపెట్టి తిక్కన పోకడలోనికి నడిపించినాడని విమర్శకుల మాట. చదువరులు అతనిని కవిత్రయమున ఒకనిగా కూర్చుండబెట్టినారు.

అభిమాని కోరునది పాతదానికి నకలు కాదు. ఆగిన కథను మరల తెరచువాడు ముందు దానిని శ్రద్ధగా చదివినవాడై యుండవలెనని మాత్రమే అతని కోరిక. అది న్యాయమైనది. అట్లే మొదటి ఆటకే తీర్పు చెప్పక, తన బిడ్డల కన్నులతోను ఒకసారి చూచుట అభిమానికి ధర్మము. బాసరలో బిడ్డ పెద్దల చేయి ఆసరాగా తొలి అక్షరమును దిద్దును. ఆ పిమ్మట వ్రాయునది సొంత వ్రాతయే.