పొగగొట్టం ప్యాకింగ్ కథ



మన సిరోంచ దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుందని మీకు తెలుసు. ఈ నదుల మీదుగా మధ్య భారతపు పత్తిని ఆవిరి పడవల్లో సముద్రానికి చేర్చాలని పందొమ్మిదో శతాబ్దంలో సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టారు. 1871లో ప్రభుత్వం ఆ పనులను ఆపివేసింది.

ఆవిరి యంత్రాలను మొదటినుంచీ పీడించిన సమస్య ఒకటుంది. ఆవిరి ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి పారిపోతుంది. కొవ్వులో తడిపిన జనపనారను సందుల్లో కుక్కి దాన్ని ఆపేవారు. ఆ కుక్కడాన్నే ప్యాకింగ్ అన్నారు. నేటికీ మన మెకానిక్కులు గ్యాస్కెట్‌ను ప్యాకింగ్ అనే పిలుస్తారు.

కార్లు వచ్చాక జనపనార పనికిరాలేదు. ఇంజన్ బాగా బరువు లాగేటప్పుడు పొగ వేడి 800 డిగ్రీలు దాటవచ్చు. అందువల్ల రాతినార, అంటే ఆస్బెస్టాస్, వాడుకలోకి వచ్చింది. మన దేశంలో జీపుల తయారీ మొదలైన నాటికి రాతినార ప్యాకింగులదే రాజ్యం. అయితే దాని ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుందని తేలడంతో గ్రాఫైటు, ఉక్కురేకుల పొరలు దాని స్థానంలోకి వచ్చాయి.

మరి ఈ రేకు చేసే పనేమిటి? ఇంజన్ హెడ్డూ, దానికి బిగించిన పొగగొట్టమూ వేడికి ఒకే తీరుగా సాగవు. ఆ తేడాను భరిస్తూ పొగను బయటికి పోనివ్వకుండా ఆపేది ఈ రేకే. అది చెడితే పొద్దున బండి స్టార్టు చేయగానే ఇంజన్ దగ్గర టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది. ఇంజన్ వేడెక్కాక లోహం సాగి సందు మూసుకుంటుంది, చప్పుడు తగ్గుతుంది. "అదే సర్దుకుంది" అని ఊరుకోకండి. అతుకు దగ్గర నల్లని మసి ఉందేమో చూడండి.

ఎందుకంటే ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. వానాకాలంలో అద్దాలు మూసుకుని అడవి దారిన పోయేటప్పుడు అది లోపలికి చేరిందంటే మొదట తలనొప్పి, తర్వాత వికారం, మత్తు, చివరికి ప్రాణాపాయం. ప్రయాణంలో ఇంట్లోవాళ్లందరికీ ఒకేసారి తల బరువెక్కితే బండి ఆపి, అందరినీ బయటి గాలిలోకి దింపండి. ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవండి.

రిపేరు చేయించేటప్పుడు నాలుగు మాటలు గుర్తుంచుకోండి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టించండి. విప్పిన ప్యాకింగ్‌ను తిరిగి వేయనివ్వకండి. బోల్టులను నడుమనుంచి చివరలకు, కొంచెం కొంచెంగా, కంపెనీ పుస్తకంలో చెప్పిన బిగువుకే బిగించాలి. పాత బండ్ల ప్యాకింగ్‌లో రాతినార ఉండవచ్చు. కనుక దాన్ని పొడిగా గీకనివ్వకండి, గాలి కొట్టనివ్వకండి. తడిపి, ముక్కుకు తగిన మాస్కు కట్టుకుని తీయమనండి. బండి మీదే అయినా, ఆ ధూళి పీల్చేది మెకానిక్కు, పక్కన పానా అందించే కుర్రవాడూ.

రేపు పొద్దున బండి తీసేటప్పుడు రేడియో కట్టేసి, ఒక్క నిమిషం ఇంజన్ చప్పుడు వినండి. సెలవు.