భిలాయి వలసలు – నెత్తురులోని వారసత్వం

దుర్గ్ జిల్లా పల్లెపొలాల నడుమ ఉక్కు కర్మాగారం నిర్మించడానికి భారత, సోవియట్ ప్రభుత్వాలు 1955 ఫిబ్రవరి 2న ఒడంబడిక చేసుకొన్నాయి. నాలుగేళ్లు తిరిగేసరికి, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కొలిమితోపాటే ఊరూ లేచింది. 1930ల ఆరంభంలో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలుమార్గం ఉత్తరాంధ్ర శ్రామికులకు దారి చూపింది. సెక్టర్లుగా విభజించిన ఈ పట్టణంలో క్వార్టర్ కేటాయింపు ఉద్యోగపు హోదాను బట్టే గాని కులాన్నో ప్రాంతాన్నో బట్టి జరగలేదు. అందుచేత సెక్టర్ 4 వంటి చోట శ్రీకాకుళపు కుటుంబం, ఒడియా కుటుంబం, ఛత్తీస్‌గఢీ రైతుబిడ్డ ఇరుగుపొరుగులు కావడం వింత కాదు. సెక్టర్ 4లోని జగన్నాథాలయం, పక్కనున్న సెక్టర్ 5లోని బాలాజీ ఆలయం ఆ కలయికకు గుర్తులు. భాషాభేదం చెవికి తెలుస్తుంది, వంటల భేదం నాలుకకు తెలుస్తుంది. నెత్తురులోని భేదం మాత్రం పరీక్షకు గాని తెలియదు.

ఛత్తీస్‌గఢ్ మైదానంలో సాహూ, కుర్మీ వంటి కులాలలోనూ, అనేక గిరిజన తెగలలోనూ సికిల్ సెల్ లక్షణం విస్తారంగా కలదు. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్రరక్తకణం కొడవలిలా వంగి సన్నని నాళాలలో చిక్కుకొంటుంది. కీళ్లలో, ఎముకలలో భరించరాని నొప్పి పుడుతుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఈ లక్షణం సంక్రమించిన బిడ్డకే ఈ బాధ. ఒక్కరి నుంచే సంక్రమించినవారు సాధారణంగా ఆరోగ్యవంతులే, పైగా ప్రాణాంతక మలేరియా నుంచి వారికి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ నిరూపించాడు. చలిజ్వరపు అడవులలో తరతరాలు బతికిన ప్రజలకు ప్రకృతి ఇచ్చిన కవచమే వారి మనుమలకు వ్యాధి అయింది!

ఈ లక్షణం భారతదేశంలో బయటపడిన తీరు వలస చరిత్రకు చెందిన ఘట్టమే. 1952లో నీలగిరి గిరిజనులలో లేమన్, కట్‌బుష్ దానిని గుర్తించారు. అదే సంవత్సరం ఎగువ అస్సాం తేయాకు తోటల కూలీలలో డన్‌లప్, మజుందార్ కనుగొన్నారు. ఆ కూలీల పూర్వులు మధ్య భారతం నుంచి, ఒడిశా దిక్కు నుంచి తరలివెళ్లినవారు. తోట మారింది, భాష మారింది, నెత్తురు మాత్రం విడిచి వచ్చిన అడవినే చెబుతూ ఉండిపోయింది.

భిలాయిలో పరిస్థితి తలకిందులు. ఇక్కడ ఈ లక్షణం ముఖ్యంగా స్థానికులది. కోస్తా మైదానం నుంచి వచ్చిన తెలుగువారిలో అరుదు. అయితే ‘తెలుగువారు’ అన్న ఒక్క మాటతో పరిశీలన ముగించడం పొరపాటు. విశాఖ, శ్రీకాకుళం మన్యాల గిరిజనులలో, ఆదిలాబాదు ప్రాంతపు గోండులలో సికిల్ సెల్ ఉన్నది. పాలిపోయిన తెలుగు బిడ్డను చూసి ఇనుము లోపమని మాత్ర ఇచ్చి పంపివేయడం ఎంత అజాగ్రత్తో, స్థానికుడని తెలియగానే ప్రతి నొప్పికీ ఆ వ్యాధినే కారణంగా చూపడమూ అంతే అజాగ్రత్త.

అన్ని భేదాలూ ఇలా ఒకే జన్యువుకు కట్టుబడవు. దక్షిణ భారతీయులు, వారిలో తెలుగువారు, 1903 నుంచి ఒప్పందపు కూలీలుగా ఫిజీ చేరారు. 1980లో అక్కడ జరిగిన మధుమేహ సర్వేలో పాల్ జిమ్మెట్ బృందానికి ఒక విచిత్రం కనబడింది. స్థానిక మెలనేసియన్లలో పల్లెవాసుల కంటె పట్టణవాసులలో వ్యాధి చాలా ఎక్కువ. భారతీయ సంతతిలో మాత్రం పల్లె, పట్టణం రెండింటా దాదాపు ఒకే హెచ్చు స్థాయి. పట్టణపు తిండి, కూర్చుని చేసే పని మాత్రమే కారణమైతే ఇలా ఉండదు. అమెరికా మధుమేహ సంఘం 2015లో ఆసియా సంతతివారికి పరీక్ష మొదలుపెట్టవలసిన శరీర ద్రవ్యరాశి సూచికను 25 నుంచి 23కు తగ్గించింది. ఇతరుల కొలబద్దతో కొలిస్తే సన్నగా కనబడే వలస మనిషి ఆరోగ్యవంతుడిగానే లెక్కకు వస్తాడు మరి.

భిలాయిలో ఈ రెండింటికీ మించి పనిచేసిన భేదం మరొకటి కలదు. అది నెత్తురులో లేదు, నియామక పత్రంలో ఉన్నది. స్థిర ఉద్యోగికి క్వార్టరు, కుళాయి నీరు, సెక్టర్ 9లోని ప్రధాన ఆసుపత్రిలో వైద్యం లభించాయి. ఠేకాదారు కింద చేరినవానికి అవి లేవు. మానవశాస్త్రజ్ఞుడు జొనాథన్ ప్యారీ 2020లో ప్రచురించిన గ్రంథంలో ఈ రెండు శ్రామికవర్గాల నడుమ ఏర్పడిన దూరాన్ని వివరంగా నమోదు చేశాడు. కర్మాగారానికి ఇనుపరాయి పంపే దల్లీ-రాజహరా గనులలో ఆ దూరం మరింత బాధాకరంగా పరిణమించింది. అక్కడి గని కార్మికులు శంకర్ గుహ నియోగి నాయకత్వాన తమ చందాలతో, తమ రెక్కల కష్టంతో 1983లో షహీద్ ఆసుపత్రిని నిలబెట్టుకొన్నారు. ఒకే తాలూకా నుంచి, ఒకే రైలులో వచ్చిన ఇద్దరు అన్నదమ్ములలో ఒకరికి ఉద్యోగం స్థిరపడి, రెండవవారికి పడకపోతే, వారి పిల్లల ఆరోగ్యంలోని తేడాను వంశంలో వెదకడం వృథా ప్రయాస.

జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభమైంది. ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడూ అందులో ఉన్నాయి. కాని ఈ కార్యక్రమపు దృష్టి ప్రధానంగా గిరిజన ప్రాంతాలపైనే. మన్యం విడిచి రెండు తరాల క్రితం ఉక్కు పట్టణం చేరిన కుటుంబపు పిల్లవాడు ఏ గిరిజన గ్రామపు జాబితాలోనూ ఉండడు. అతడు వైద్యుని ముందు కూర్చొన్నప్పుడు, తాతగారిది ఏ ఊరు అని అడిగేవారు కావాలి.