జొన్న, కాలేయం, పెలాగ్రా: వికారాబాద్–తాండూరు సీమ ఆహార చరిత్రలో ఒక అధ్యాయం

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పున హైదరాబాదు వైపు సాగుతుండగా, తాండూరును ఒరుసుకుంటూ పారే కాగ్నా పడమటికి పోయి భీమా నదిలో కలుస్తుంది. ఈ రెండు నీటివాలుల నడుమ ఉన్న వికారాబాద్, తాండూరు ప్రాంతం పాలనాపరంగా పలుమార్లు చేతులు మారినా, దాని పంటపొలమూ భోజనపు కంచమూ చాలాకాలం ఒకే తీరున నిలిచాయి. 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉన్న తాండూరు తాలూకా రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో తెలుగు రాష్ట్రంలోకి వచ్చింది. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో ఉండి, 2016 నుంచి వికారాబాద్ జిల్లాలో భాగమైంది. వానాకాలంలో కంది సాళ్ల నడుమ పచ్చజొన్న, వానలు వెనుకబట్టాక నల్లరేగడిలో మిగిలిన పదునును నమ్ముకుని మాఘీ జొన్న వేయడం ఇక్కడి మెట్ట సేద్యపు పద్ధతి. కాగిన నీళ్లతో పిండి పిసికి, అరచేతులతో తట్టి, పెనం మీద వేసి, పైన తడిచేత్తో నీరు అద్ది కాల్చిన జొన్నరొట్టె, లేదా జొన్నరవ్వతో వండిన గట్క రెండుపూటలా ప్రధానాహారంగా ఉండేది. అన్నం పండుగకూ పబ్బానికీ వండుకునేది. దక్కను పీఠభూమిలో జొన్న తినే పేదజనానికి సోకిన పెలాగ్రా అనే వ్యాధిని అర్థం చేసుకునే ప్రయత్నంలో హైదరాబాదు శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన, కాలేయ జీవరసాయన శాస్త్ర చరిత్రలో ఈ ప్రాంతపు ఆహారానికి ఒక ప్రత్యేక స్థానం కల్పించింది.

పెలాగ్రా చరిత్ర ఐరోపాలో మొక్కజొన్నతో మొదలైంది. స్పెయిన్‌లోని అస్తూరియాస్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు 1735లో దీని లక్షణాలను గుర్తించాడు. ఇటలీలో ఫ్రాన్సెస్కో ఫ్రాపోల్లి 1771లో దీనికి ఇప్పటి పేరు పెట్టాడు. ఎండ తగిలే చోట్ల, అంటే మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద చర్మం మొదట కందినట్టు ఎర్రబారి, తరువాత నల్లబడి, మందంగా మారి పొరలుగా ఊడుతుంది; మెడ చుట్టూ పట్టెడ వేసినట్టు కనిపించే ఆ గుర్తును నేటికీ కసాల్ పేరుతోనే పిలుస్తారు. నాలుక పుండై, విరేచనాలు పట్టుకుని, నిద్ర కరువై, రోగి దిగులులోకి, ఆ పైన మతిభ్రమణంలోకి జారుకుంటాడు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. ఇది అంటువ్యాధి కాదని, ఆహారలోపమని 1914 నుంచి అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ నిరూపించగా, కుక్కల్లో దీనికి సాటి వచ్చే నల్లనాలుక వ్యాధిని నయం చేసే పదార్థాన్ని 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ బృందం కాలేయ సారం నుంచి వేరుచేసి, అది నికోటినిక్ ఆమ్లపు రూపమేనని తేల్చింది. బి విటమిన్లలో ఒకటైన దీన్నే నియాసిన్ అంటారు. పశువుల కాలేయ సారం అప్పటి జీవరసాయన శాస్త్రానికి పెద్ద గని వంటిది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కూడా హార్వర్డ్‌లో ఆ సారాలనే శోధిస్తూ ఉండేవారు, అనంతరం లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, కృత్రిమంగా తయారుచేసింది.

మొక్కజొన్న ప్రధానాహారమైన చోటే పెలాగ్రా వస్తుందని అప్పటి వైద్యలోకం నమ్మేది. మొక్కజొన్నలో నియాసిన్ ఉన్నా అది ఇతర పదార్థాలతో బిగిసి ఉండి పేగులకు అందదు. పైగా శరీరం నియాసిన్‌ను తయారుచేసుకోవడానికి అవసరమైన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అందులో తక్కువ. అమైనో ఆమ్లాలంటే మాంసకృత్తులు విడిపోగా మిగిలే మూల భాగాలు. ట్రిప్టోఫాన్ సుమారు 60 మిల్లీగ్రాములు ఉంటే శరీరం ఒక మిల్లీగ్రాము నియాసిన్ చేసుకోగలదు. జొన్నకు ఈ లెక్క సరిపడలేదు: అందులోని నియాసిన్ మొక్కజొన్నలో వలె అందకుండా పోయేది కాదు, ట్రిప్టోఫాన్ కూడా అంత తక్కువ కాదు, అయినా హైదరాబాదు పరిసరాల్లో జొన్న తినే పేద కూలీల్లో, చిన్న రైతుల్లో పెలాగ్రా కనిపిస్తూనే ఉండేది. ఈ చిక్కుముడి విప్పే పని హైదరాబాదుకు తరలివచ్చిన ఒక సంస్థ మీద పడింది. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకే గదిలో బెరిబెరి పరిశోధనకు ప్రారంభించిన విభాగం పోషకాహార పరిశోధనశాలగా ఎదిగి, 1958లో హైదరాబాదుకు చేరింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. జొన్న పండే నేల నడుమకు ప్రయోగశాల రావడంతో, రోగి, రోగి తినే గింజ, ఆ గింజను పరీక్షించే పరికరం ఒక్కచోట చేరాయి.

1960లో ఈ ప్రయోగశాల శాస్త్రవేత్తలు సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంఠయ్య లాన్సెట్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఒక కొత్త ఊహను ముందుకు తెచ్చింది. జొన్న మాంసకృత్తుల్లో లూసిన్ అనే మరో అమైనో ఆమ్లం మితిమీరి ఉంది: నూరు గ్రాముల జొన్న మాంసకృత్తిలో 12 నుంచి 14 గ్రాముల వరకు లూసిన్ ఉంటే, బియ్యపు మాంసకృత్తిలో అది దాదాపు ఎనిమిది గ్రాములే. ఈ మితిమీరిన లూసిన్ ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారయ్యే దారికి అడ్డుపడుతున్నదని వారు భావించారు. అంటే జొన్న తినేవాడి రోగానికి మూలం ఒక పదార్థం కరువు కావడంలోనే కాక, మరొకటి ఎక్కువై మొదటిదాన్ని నిరుపయోగం చేయడంలోనూ ఉంది. పోషకాహార శాస్త్రం అంతవరకు లోపాన్ని వెదికే శాస్త్రంగా ఉండగా, ఈ ఊహ దానికి పొంతన లేదా పొత్తు అనే దృష్టిని జోడించింది.

ఈ పొంతన కుదిరేదీ తప్పేదీ ప్రధానంగా కాలేయంలోనే. భోజనం తరువాత పేగుల నుంచి రక్తం తెచ్చే ట్రిప్టోఫాన్‌ను కాలేయ కణాల్లోని ట్రిప్టోఫాన్ పైరొలేజ్ అనే ఎంజైమ్ విడదీయడం మొదలుపెడుతుంది. ఎంజైమ్ అంటే రసాయన చర్యను వేగవంతం చేసే మాంసకృత్తి. ఆ తెగిన పదార్థం కైన్యురెనిన్‌గా మారి, మరికొన్ని మెట్లు దాటి ఒక అస్థిరమైన దశకు చేరుతుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. దానంతటదే ముడుచుకుంటే క్వినోలినిక్ ఆమ్లమై, నియాసిన్ పనిచేసే రూపమైన ఎన్.ఎ.డి. అనే సహఎంజైమ్‌గా మారుతుంది. కణం చక్కెరను, కొవ్వును, మద్యాన్ని ఆక్సీకరించి శక్తి పొందాలంటే ఈ ఎన్.ఎ.డి. తప్పనిసరి. పికోలినేట్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ మధ్యలో అందుకుంటే మాత్రం ట్రిప్టోఫాన్ పూర్తిగా ఇంధనంగా కాలిపోయి, నియాసిన్‌గా మిగలదు. లూసిన్ ఎక్కువగా తిన్న ఎలుకల కాలేయంలో ఈ రెండో ఎంజైమ్ చురుకు పెరుగుతున్నట్టు హైదరాబాదు ప్రయోగశాల తేల్చడంతో, 1960 నాటి ఊహకు కణస్థాయి వివరణ లభించింది.

తరువాతి పరిశోధనలు ఆ ఊహను పలువైపుల నుంచి పరీక్షించాయి. లూసిన్ ఇచ్చిన మనుషుల మూత్రంలో నియాసిన్ జీవక్రియకు సంబంధించిన పదార్థాల మోతాదు మారడం, ఎర్ర రక్తకణాలు సహఎంజైమును తయారుచేసుకునే శక్తి తగ్గడం గమనించారు. భవానీ బెలవాడి, గోపాలన్ జొన్న తినిపించిన కుక్కల్లో నల్లనాలుక వ్యాధిని 1965లో కలిగించగలిగారు. ఐసోలూసిన్ అనే సోదర అమైనో ఆమ్లాన్ని చేర్చితే లూసిన్ దుష్ప్రభావం తగ్గుతున్నట్టు తరువాత కనుగొన్నారు. జొన్న వంగడాల మధ్య లూసిన్ పాళ్లలో తేడా ఉందని తేలడంతో, లూసిన్ తక్కువున్న వంగడాలను ఎంచుకోవాలన్న సూచన కూడా వచ్చింది. 1970లలో కమలా కృష్ణస్వామి, సహచరులు పిరిడాక్సిన్, అంటే విటమిన్ బి6, ఇస్తే లూసిన్ కలిగించే మార్పులు సరి అవుతున్నాయని చూపారు. కైన్యురెనిన్ దారిలో ఒక కీలకమైన మెట్టుకు బి6 లేనిదే పని జరగదు కనుక, నియాసిన్ సమస్యలో బి6 పాత్ర కూడా ఉందని దీంతో స్పష్టమైంది.

ఈ బి6 సూత్రం వికారాబాద్‌కు మరోవైపు నుంచి కూడా సంబంధించినది. అనంతగిరి కొండల మీద క్షయ చికిత్సాలయం వెలసింది. క్షయకు 1952 నుంచి వాడుకలోకి వచ్చిన ఐసోనియాజిడ్ మందు బి6ను బంధించి, పోషణ సరిగాలేని రోగుల్లో పెలాగ్రాకు దారితీయగలదని వైద్యశాస్త్రం గుర్తించింది. ఆ మందును అసిటైల్ రూపంలోకి మార్చి బయటికి పంపేదీ, దాని దుష్ప్రభావం భరించేదీ కాలేయమే. అందుకే ఆ మందుతోపాటు పిరిడాక్సిన్ ఇవ్వడం ఆచారమైంది.

లూసిన్ సిద్ధాంతం చర్చ లేకుండా అందరి ఆమోదం పొందలేదు. కొన్ని విదేశీ ప్రయోగశాలల్లో లూసిన్ ఎక్కువ పెట్టిన ఎలుకల్లో నియాసిన్ తయారీ తగ్గలేదు. మరికొన్ని చోట్ల ఆహారంలో నేరుగా అందే నియాసిన్ మరీ తక్కువైనప్పుడే ప్రభావం తేలింది. ఆఫ్రికాలో జొన్న తినే అనేక సమాజాల్లో ఇదే స్థాయిలో పెలాగ్రా కనిపించకపోవడం కూడా ప్రశ్నగానే నిలిచింది. ఈ వాదోపవాదాలు ఆ పరిశోధన విలువను తగ్గించవు. లూసిన్ ఒక్కటే కారణం కాకపోయినా, నియాసిన్, బి6, మొత్తం ఆహారపు నాణ్యత అన్నీ సన్నగిల్లిన పేద శరీరంలో అది ఆఖరి బరువు కాగలదని అవి సూచించాయి.

1980ల నుంచి దృశ్యం మారింది. బోరుబావులు, వరి విస్తరణ, 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం కలిసి తెలంగాణ పల్లెల్లో జొన్నను వెనక్కు నెట్టాయి. జొన్న ఒక్కటే తినే కంచం తగ్గేకొద్దీ పెలాగ్రా కూడా హైదరాబాదు ఆసుపత్రుల్లో అరుదైంది. అయితే కాలేయానికి కష్టం తీరలేదు. తవుడు పోయిన తెల్లబియ్యం, చక్కెర ఎక్కువై, శారీరక శ్రమ తగ్గిన చోట అదనపు పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి తనలో పేర్చుకుంటుంది. మద్యం తాగితే దాన్ని ఆక్సీకరించేందుకు ఎన్.ఎ.డి. వినియోగమై కొవ్వు కరిగే దారి మందగిస్తుంది. ఒకప్పుడు ఎన్.ఎ.డి. తయారుకాని కరువు బాధించిన కణాన్ని, ఇప్పుడు అవసరానికి మించిన ఆహారం బాధిస్తున్నది.

ఇటీవల చిరుధాన్యాలకు ఆదరణ పెరిగి జొన్నరొట్టె పట్టణాల్లో గౌరవం పొందుతుండగా, తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పొలంలో ఈ రెండు పంటలు ఒకే సాలు పక్కన పెరిగినందుకు ఆహార శాస్త్రంలోనూ అర్థముంది: కందిపప్పు మాంసకృత్తిలో లూసిన్ వాటా జొన్నలోకంటే బాగా తక్కువ, పప్పులో బి విటమిన్లూ ఉన్నాయి, దానికి కొంత పాలు, ఆకుకూర తోడైతే ట్రిప్టోఫాన్ కొరత కూడా తీరుతుంది. జొన్నను తప్పుపట్టడానికి ఈ చరిత్రలో ఆధారం లేదు. పప్పు, పాలు, కూర కొనలేని ఇంట్లో రొట్టె ఒక్కటే మిగలడమే వ్యాధిని తెచ్చిందని అది చెబుతుంది. కాబట్టి జొన్నను తిరిగి ప్రోత్సహించే ఏ పథకమైనా ధాన్యం ధర గురించే ఆలోచించి ఊరుకోకుండా, పేదింటి కంచంలో పప్పు, పాలు చేరే ఏర్పాటు కూడా చేయాలి; 1960లో హైదరాబాదు ప్రయోగశాల చేసిన పరిశోధన నేటి విధానకర్తలకు అందించే పాఠం అదే.