కార్యాలయ కంప్యూటర్లపై నిఘా: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంత చరిత్ర

ఉద్యోగి కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చున్నారు, ఏం చేశారు, ఎంత పని పూర్తిచేశారు అన్నది యాజమాన్యం యంత్రాలతో నమోదు చేయించడమే కార్యాలయ నిఘా. లాగిన్ వేళలు, కీబోర్డు, మౌస్ కదలికలు, తెరిచిన వెబ్‌సైట్లు, స్క్రీన్‌షాట్లు, కాల్ రికార్డింగులు, గుమ్మం దగ్గరి స్వైప్ కార్డు లెక్కలు అన్నీ దీని కిందికే వస్తాయి. హైదరాబాద్ తూర్పున దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్, వనస్థలిపురం వరకు పరుచుకున్న ప్రాంతానికి ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. ఇక్కడ పెద్ద కంపెనీల భవనాలు తక్కువ. వాటిలో పనిచేసేవాళ్ల ఇళ్లు, హాస్టళ్లు, వాళ్లకు కోర్సులు నేర్పే కోచింగ్ సెంటర్లు ఎక్కువ. 2020 దాకా ఉద్యోగంతోపాటు నిఘా కూడా ప్రధానంగా పడమటి దిక్కున హైటెక్ సిటీ ఆఫీసుల్లోనే ఉండేది. ఆ ఏడాది మార్చిలో రెండూ కలిసి ఈ ఇళ్లలోకి వచ్చాయి.

ఈ చరిత్ర పొడుగునా ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఒక అవసరం కోసం మొదలుపెట్టిన రికార్డును కొన్నాళ్లకు మరో అవసరానికి వాడుకోవడం మామూలైపోయింది. భద్రత కోసం ఇచ్చిన కార్డు జీతం కోతకు ఆధారమైంది. భవిష్య నిధి కోసం ఇచ్చిన నంబరు రెండో ఉద్యోగాన్ని పట్టించింది. తన లెక్కను మరో పనికి వాడారన్న సంగతి చాలాసార్లు అందరికన్నా ఆఖరున తెలిసేది ఉద్యోగికే.

పూర్వరంగం

పనివేళల లెక్కను యంత్రానికి అప్పగించడం కంప్యూటర్ కన్నా చాలా ముందే మొదలైంది. అమెరికాలో విల్లార్డ్ బండీ 1888లో హాజరు గడియారాన్ని రూపొందించాడు. ఫ్రెడరిక్ టేలర్ 1911లో పనిని ముక్కలుగా విడగొట్టి స్టాప్‌వాచ్‌తో కొలిచే పద్ధతిని పుస్తకంగా రాశాడు. విలియం లెఫింగ్‌వెల్ 1917లో అదే పద్ధతిని ఆఫీసు గుమాస్తాలకు, టైపిస్టులకు వర్తింపజేశాడు. కంప్యూటర్లు వచ్చాక టెర్మినల్ ముందు కూర్చున్న ఆపరేటర్ మీటలు ఎన్నిసార్లు నొక్కారో యంత్రమే లెక్కపెట్టడం మొదలైంది. అమెరికా కాంగ్రెస్‌కు సాంకేతిక సలహాలిచ్చే సంస్థ 1987లో యంత్రమనే ఈ కొత్త సూపర్‌వైజర్ మీద ఒక నివేదిక వెలువరించింది.

ఇక్కడి పాత పద్ధతి హాజరు పట్టీ. వనస్థలిపురం ప్రభుత్వోద్యోగుల కాలనీగా పెరిగిన ఊరు. అక్కడి పాత తరానికి సంతకాల పుస్తకం, ఆలస్యమైతే ఎర్ర సిరా గీత బాగా తెలుసు. పట్టీ బల్ల మీదే ఉండేది కాబట్టి తన పేరు ఎదుట ఏం రాశారో ఎవరైనా చూసుకోవచ్చు, పెద్ద గుమాస్తాతో వాదించుకోవచ్చు. తర్వాతి యంత్రాల్లో చాలావాటికి ఈ గుణం లేకపోయింది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో ఆధార్ ఆధారిత బయోమెట్రిక్ హాజరు 2014లో మొదలైంది.

కాల్ సెంటర్లు, మెడికల్ కోడింగ్

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి 1998లో ప్రారంభించారు. 2000 తర్వాత కాల్ సెంటర్లు పెరిగాయి. జీఈ సంస్థ 1997లో మన దేశంలో మొదలుపెట్టిన బ్యాక్ ఆఫీసు విభాగం 2005లో జెన్‌పాక్ట్ అయింది. దాని ఉప్పల్ క్యాంపస్ తూర్పు హైదరాబాద్ యువతకు దగ్గరి ఆఫీసు. పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ కూడా ఇటువైపే ఉంది. కాల్ సెంటర్‌లో ప్రతి కాల్ రికార్డవుతుంది. ఒక్కో కాల్‌కు సగటున ఎంతసేపు పట్టింది, రెండు కాల్స్ మధ్య ఎంత ఖాళీ ఉంది, బాత్రూంకు వెళ్తూ ఫోన్‌ను ఏ బ్రేక్ కోడ్‌లో పెట్టారు అన్నదంతా టీం లీడర్ తెర మీద కనిపిస్తుంది. శిక్షణ కోసం, నాణ్యత కోసం అంటూ మొదలైన ఆ రికార్డింగులు ఇంక్రిమెంటును నిర్ణయించే మార్కులయ్యాయి.

ఈ ప్రాంతానికి మరింత సొంతమైన వృత్తి మెడికల్ కోడింగ్. అమెరికా ఆస్పత్రుల రోగుల రికార్డులు చదివి, జబ్బులకు, చికిత్సలకు బీమా కంపెనీలు అడిగే కోడ్‌లు వేయడం ఈ పని. బీఫార్మసీ, లైఫ్ సైన్సెస్, దంతవైద్యం చదివిన వాళ్లెందరో దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేటల్లో కోచింగ్ తీసుకుని, సీపీసీ అనే కోడింగ్ పరీక్ష రాసి ఇందులో చేరారు. ఇక్కడ నిఘాకు రెండు మూలాలున్నాయి. మొదటిది అమెరికా 1996 నాటి హిపా చట్టం. రోగి వివరాలను ఎవరు ఎప్పుడు తెరిచారో నమోదు చేయాలన్నది దాని కింద వచ్చిన భద్రతా నియమం. ప్రొడక్షన్ ఫ్లోర్‌లోకి ఫోన్, పెన్ను, కాగితం తీసుకెళ్లనివ్వకపోవడం ఈ జాగ్రత్తలో భాగమే. రోగి కోణం నుంచి చూస్తే ఇది న్యాయమైన జాగ్రత్త. రెండోది టార్గెట్. గంటకు ఎన్ని చార్టులు పూర్తయ్యాయి, నాణ్యత (క్యూఏ) పరిశీలనలో ఎంత శాతం సరిగ్గా వచ్చాయి అన్న రెండు అంకెల మీదే కోడర్ ఉద్యోగం నిలబడుతుంది.

ఆ అంకెలు ఎంత నిలకడలేనివో 2015 అక్టోబరు 1న తేలింది. ఆ రోజు అమెరికా పాత ఐసీడీ-9 కోడ్‌లను వదిలి ఐసీడీ-10కు మారింది. జబ్బుల కోడ్‌లు సుమారు 14 వేల నుంచి 68 వేలకు పైగా పెరిగాయి. నిన్నటిదాకా చకచకా చార్టులు తేల్చిన అనుభవజ్ఞుల వేగం కూడా ఆ మార్పుతో తగ్గింది. మనుషులు, వాళ్ల శ్రద్ధ ఎప్పటిలాగే ఉన్నాయి. కొలబద్దే మారింది.

ఇంకో చిక్కు రోజూ ఉంటుంది. ఇన్‌పేషెంట్ చార్టులో డాక్టర్ ఒకచోట సెప్సిస్ అని రాసి ఉంటాడు. అది నిజంగా నిలబడుతుందా అని కోడర్ ల్యాబ్ రిపోర్టులు, నర్సుల నోట్లు, డిశ్చార్జి సమ్మరీ తిరగేసి పోల్చుకోవాలి. ఆ పూట చేసే పని మొత్తంలో అత్యంత విలువైన నిమిషాలు అవే. ఆ నిమిషాల్లో చేతులు పెద్దగా కదలవు. మీటలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అది ఐడిల్ టైం, అంటే ఖాళీగా కూర్చున్న సమయం. ఆలోచించినందుకు మార్కులు తగ్గించే కొలత ఏ మేనేజర్ దగ్గరున్నా తప్పు కొలతే.

ఇంట్లోకి వచ్చిన నిఘా

అప్పటిదాకా బీపీవో ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేయాలంటే టెలికాం శాఖ నిబంధనలు అడ్డుండేవి. కొవిడ్ వేళ 2020 మార్చిలో వాటిని తాత్కాలికంగా సడలించారు. నవంబరు 5న కొత్త మార్గదర్శకాలతో బీపీవోలు ఆ శాఖ దగ్గర రిజిస్టర్ కావాలన్న నిబంధననే ఎత్తేశారు. ఈలోగా కంపెనీ ల్యాప్‌టాప్‌లు, కొన్నిచోట్ల డెస్క్‌టాప్‌లు కూడా, ఉద్యోగుల ఇళ్లకు చేరాయి. కొత్తపేటలో రెండు గదుల వాటా, ఒక గదిలో పిల్లల ఆన్‌లైన్ క్లాసు, మరో గదిలో నైట్ షిఫ్ట్. అలాంటి ఇంటికి ఫ్లోర్ మీది నియమాలన్నీ యథాతథంగా వచ్చాయి.

ఈ సాఫ్ట్‌వేర్ పనితీరు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. సిస్టమ్ ఆన్ కాగానే ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం వెనకాల మొదలవుతుంది. తెర మీద ఏ విండో ముందుంది, దాని పేరేమిటి, కీబోర్డు ఎన్నిసార్లు నొక్కారు, మౌస్ ఎప్పుడు ఆగింది అని రాసుకుని సర్వర్‌కు పంపుతుంది. ఎక్సెల్ పనికొచ్చేది, యూట్యూబ్ పనికిరానిది అన్న వర్గీకరణ ముందే చేసి పెట్టుకుంటారు. కొన్ని ప్రోగ్రాంలు మధ్యమధ్యలో స్క్రీన్‌షాట్ తీస్తాయి. ఫ్రీలాన్సర్లకు ఇది పాత సంగతే. ఒడెస్క్‌గా మొదలై 2015లో పేరు మార్చుకున్న అప్‌వర్క్‌లో గంటల లెక్కన పనిచేసేవారికి ప్రతి 10 నిమిషాల భాగానికి ఒక స్క్రీన్‌షాట్ నమోదవుతుంది. మీటల సంఖ్యను లెక్కపెట్టడం ఒకటి, ఏ అక్షరం నొక్కారో రాసుకోవడం ఇంకొకటి. రెండోదానిలో బ్యాంకు పాస్‌వర్డులు కూడా చిక్కుతాయి. తన ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఈ రెండింటిలో ఏదో తెలియకుండానే పనిచేసే ఉద్యోగులున్నారు.

వీటిలో అందరికీ కనిపించేది మైక్రోసాఫ్ట్ టీమ్స్ చుక్క. ఐదు నిమిషాలు కదలిక లేకపోతే ఆకుపచ్చ పసుపవుతుంది. మనిషి దొరుకుతాడా లేదా అని తోటివాళ్లకు చెప్పడానికి పెట్టిన ఆ చుక్క, పని చేస్తున్నాడా లేదా అని పైవాళ్లు చూసే గుర్తయింది. కరెంటు పోయి వైఫై ఆగినా, వంటింట్లో పాలు పొంగినా చుక్క పసుపే.

ఈ రంగంలో భారతీయ కంపెనీలు కూడా ఉన్నాయి. పుణెలో 2009లో మొదలైన సేపియన్స్ అనలిటిక్స్ సాఫ్ట్‌వేర్‌ను లండన్‌లో బార్‌క్లేస్ బ్యాంకు ప్రయోగాత్మకంగా వాడింది. డెస్క్ దగ్గర గడిపిన సమయాన్ని లెక్కించడంపై సిబ్బంది అభ్యంతరపెట్టడంతో 2020 ఫిబ్రవరిలో వెనక్కి తగ్గింది. అదే ఏడాది చివర, విమర్శలు రావడంతో, మైక్రోసాఫ్ట్ పనితీరును కొలిచే తన ప్రొడక్టివిటీ స్కోర్ నుంచి ఉద్యోగుల పేర్లను తీసేసింది. గట్టిగా అడిగినచోట కంపెనీలు దిగివచ్చాయని ఈ రెండు ఉదంతాలూ చెబుతున్నాయి.

లాక్‌డౌన్ రోజుల్లో కొలత పేరుతో మోసాలూ సాగాయి. ఇంటి దగ్గర డేటా ఎంట్రీ పని ఇస్తామని, ముందుగా ఫీజు కట్టించుకుని పేజీలు పంపడం, తర్వాత అక్యురసీ చాలలేదని డబ్బు ఎగ్గొట్టి, పైగా లీగల్ నోటీసుతో బెదిరించడం వాటి తీరు. హాస్టళ్లలో ఉద్యోగం కోసం ఎదురుచూసే నిరుద్యోగులే వీటికి సులువుగా దొరికారు.

రెండో ఉద్యోగం, స్వైప్ లెక్క

2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్న 300 మందిని తొలగించామని ప్రకటించారు. దానిపై సాగిన చర్చలోనే పీఎఫ్ ఖాతా యూఏఎన్ నంబరు ద్వారా రెండో ఉద్యోగం బయటపడే పద్ధతి అందరి నోటా నలిగింది. ఉద్యోగం మారినా పీఎఫ్ పోకుండా ఉండాలని 2014లో తెచ్చిన నంబరది. అమెరికాలో 2024 మేలో వెల్స్ ఫార్గో బ్యాంకు, పనిచేస్తున్నట్టు కీబోర్డు కదలికలు సృష్టించారంటూ డజనుకు పైగా ఉద్యోగులను తొలగించింది. మౌస్‌ను కదుపుతూ ఉండే మౌస్ జిగ్లర్ పరికరాలు ఆ వార్తతో మరింత చర్చకు వచ్చాయి. మోసాన్ని సమర్థించనక్కర్లేదు. కానీ కదలికనే పనిగా లెక్కగట్టే చోట కదలికను అమ్మేవాళ్లు పుట్టుకురావడం సహజం.

ఆఫీసులు మళ్లీ తెరుచుకున్నాక లెక్క స్వైప్ కార్డు దగ్గరికి చేరింది. టీసీఎస్ 2024లో హాజరు 60 శాతం కన్నా తగ్గితే వేరియబుల్ పే ఉండదని నియమం పెట్టింది. ఎల్బీనగర్ వాసికి ఈ నియమం భారం ఎక్కువ. ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట మెట్రో 2018 సెప్టెంబరులో, అక్కడి నుంచి హైటెక్ సిటీకి 2019 మార్చిలో మొదలయ్యాయి. అయినా అమీర్‌పేటలో రైలు మారి, దిగాక ఆటో ఎక్కి, రానూ పోనూ రెండు మూడు గంటలు పడుతుంది. ఆ గంటలు ఏ డ్యాష్‌బోర్డులోనూ కనిపించవు. కొలత ఉద్యోగికి మేలు చేసిన సందర్భం కూడా ఒకటుంది. ఇన్ఫోసిస్ 2025లో, ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో సగటున 9 గంటల 15 నిమిషాలకు మించి లాగిన్ అయ్యేవారికి ఆరోగ్యం చూసుకోమంటూ మెయిళ్లు పంపింది. మరోవైపు అదే ఏడాది జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనిని, వారానికి 48 గంటల పరిమితితో అనుమతించింది.

చట్టం

2000 నాటి ఐటీ చట్టం, యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి చొరబడటాన్ని శిక్షిస్తుంది. ల్యాప్‌టాప్ కంపెనీదే కాబట్టి ఉద్యోగికి ఇది అక్కరకు రాదు. 2011 నియమాలు బయోమెట్రిక్, ఆరోగ్య వివరాలను సున్నితమైనవిగా గుర్తించాయి. ఐడిల్ టైం ఆ జాబితాలో లేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఆ తర్వాత పన్నెండు రోజులకు యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం బర్బులెస్కు కేసులో తీర్పు చెప్పింది. ఉద్యోగి చాట్‌లను చదివిన రుమేనియా కంపెనీ అలా చదువుతామని ముందుగా చెప్పిందా, ఎంతమేరకు చదివింది అని అక్కడి కోర్టులు సరిగా చూడలేదని తప్పుపట్టింది.

మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన నిబంధనల అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఉద్యోగ అవసరాలకు, యజమానిని నష్టం నుంచి కాపాడటానికి ఉద్యోగి సమ్మతి అడగకుండానే డేటా వాడుకోవచ్చని చట్టంలోని 7వ సెక్షన్ చెబుతోంది. తన గురించి ఏం సేకరించారో చూపించమని అడిగే హక్కు 11వ సెక్షన్‌లో ఉంది. అయితే అది సమ్మతి ఇచ్చినవారికే వర్తిస్తుంది. అంటే సమ్మతి అడగకుండా 7వ సెక్షన్ కింద సేకరించిన ఐడిల్ టైం చిట్టాను చూపించమని చైతన్యపురి గదిలో నైట్ షిఫ్ట్ చేసే కోడర్ ఈ చట్టం పేరు చెప్పి అడగలేరు. తన లెక్కను తాను చూసుకునే ఈ వీలు హాజరు పట్టీ రోజుల్లో గుమాస్తాకు అడగకుండానే దక్కింది. దీన్ని చట్టంలోకి తేవాలంటే 11వ సెక్షన్‌ను 7వ సెక్షన్ కింద సేకరించిన ఉద్యోగ డేటాకూ వర్తింపజేస్తూ పార్లమెంటు సవరణ చేయాలి.