జాతి గడిలో ఏం రాయాలి?

పోయినేడాది హైదరాబాదులో ఒక షెల్టర్ నుంచి కుక్కను తెచ్చుకున్నాం. ఐదేళ్ళ మగకుక్క, 34 కిలోలు. ఒక చెవి నిక్కబొడుచుకుని ఉంటుంది, ఇంకోటి వాలిపోయి ఉంటుంది. ఫారంలో ‘జాతి’ అన్న గడిలో ‘మిక్స్’ అని రాశారు. కింద ఇంకో గీత మీద, ఒకసారి ఒకరు తీసుకెళ్ళి వెనక్కి తెచ్చి ఇచ్చారని ఉంది.

లిఫ్టులో ఎవరు ఎదురైనా మొదటి ప్రశ్న ఒకటే. “ఏ బ్రీడండీ?” తెలీదంటే ఓ అడుగు వెనక్కి వేస్తారు. జాతి పేరుంటే అంత ఒళ్ళున్నా హోదా. పేరు లేకపోతే ఉత్త కరిచే కుక్క.

ఈ ప్రశ్న ఎప్పుడు మొదలైందా అని వెతుక్కుంటూ పోయి విక్టోరియా కాలపు ఇంగ్లండులో తేలాను. వేటకొకటి, మందకొకటి, కాపలాకొకటి అని చేసే పనిని బట్టి కుక్కల్లో రకాలు ఎప్పణ్ణించో ఉన్నవే. తోక ఇలా ఉండాలి, చెవి ఇంతే ఉండాలి అని కొలిచి బహుమతులివ్వడం మాత్రం కొత్త సరదా. 1859లో న్యూకాసిల్‌లో కుక్కల ప్రదర్శన పెట్టారు. 1873లో కెనెల్ క్లబ్ పుట్టింది. ఈ రెంటికీ మధ్య, 1860లో, మేరీ టీల్బీ అనే ఆవిడ లండన్‌లోని హాలోవేలో తప్పిపోయిన, ఆకలితో మాడే కుక్కలకి ఒక ఆశ్రయం తెరిచింది. పత్రికలు వెటకారం చేశాయి. (మనుషులకే దిక్కు లేదు, కుక్కలకి ఇల్లా అనే ఆ వాదన మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇంకా బతికే ఉంది.) 1862లో డికెన్స్ నడిపే ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ పత్రిక మాత్రం ఇస్లింగ్టన్‌లో మెడల్సు కొట్టే కుక్కల్నీ, ఆ దగ్గర్లోనే ఉన్న ఈ అనాథల్నీ పక్కపక్కన పెట్టి వ్యాసం వేసింది. అంటే, మేలుజాతి కుక్కా దిక్కులేని కుక్కా ఒకే ఊళ్ళో, ఇంచుమించు ఒకే ఈడువి.

కథ ఇక్కడితో ఆగుంటే బాగుండేది. 1867 చట్టంతో వీధుల్లో తిరిగే కుక్కల్ని పట్టుకునే అధికారం లండన్ పోలీసులకొచ్చింది. పట్టుకున్నవాటిని ఆశ్రయానికే తోలేవాళ్ళు. 1871లో అది బ్యాటర్సీకి మారింది. గడువులోగా ఎవరూ రాకపోతే, ధర పలికేవాటిని అమ్మేవాళ్ళు, పలకనివాటిని చంపేవాళ్ళు. అందుకోసం 1884లో రిచర్డ్‌సన్ అనే డాక్టరు తయారుచేసిన గ్యాస్ గది కూడా వచ్చింది. నొప్పి తెలియకుండా పోతాయని, దాన్నీ దయగానే లెక్కేశారు.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే, తెచ్చిన రెండోవారంలోనే నేను షెల్టర్‌కి ఫోన్ చేశాను. రెండ్రోజులు తిండి ముట్టలేదు, గుమ్మం దగ్గర్నించి కదల్లేదు, గ్యాసు బండ తెచ్చిన కుర్రాడి మీద గుర్రుమంది. ఇంత పెద్దది మావల్ల కాదు, తీసుకుపోండి అని చెబుదామనుకున్నాను. అవతల ఎత్తేలోపే పెట్టేశాను. ధైర్యం చాలక పెట్టేశాను, దయతో కాదు. ఆ ఫోన్ సంగతి ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

షెల్టర్‌లో పెట్టిన పేరుకి అది పలకదు. మా అమ్మ “ఒరేయ్ పెద్దాడా” అంటే మాత్రం లేచొస్తుంది. మొన్న టీకా కార్డు మీద డాక్టరుగారు మళ్ళీ జాతి అడిగారు. నేను నోరు తెరిచేలోపు అమ్మే అంది: “మావాడేనండీ, రాసుకోండి.”