కుక్కల లాపరోస్కోపీ: మత్తుమందు, ఒత్తిడి స్పందన
ఆడకుక్కల అండాశయాలను లాపరోస్కోపీతో తొలగించేటప్పుడు పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తారు. కోత చిన్నదే. అయినా ఆ వాయువు డయాఫ్రమ్‌ను ఛాతీ వైపు నెడుతుంది. అందులో కొంత, రక్తంలో కలిసి సింపథెటిక్ నాడులను రెచ్చగొడుతుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్, అడ్రినలిన్ వెలువడతాయి.

మత్తుమందు ఐసోఫ్లూరేన్ స్పృహ పోగొడుతుంది గానీ, నొప్పి సంకేతాలు వెన్నుపామును చేరకుండా ఆపలేదు. అందుకే అండాశయాన్ని లాగిన క్షణంలో, కదలకుండా పడుకున్న కుక్కకు కూడా గుండె వేగం, రక్తపోటు పెరగవచ్చు. కదలిక లేదని నొప్పి మందు తగ్గించడం సరికాదు. మార్ఫిన్, ఫెంటానిల్ వంటి ఓపియాయిడ్లు, అండాశయ బంధనం దగ్గర ఇచ్చే లిడోకెయిన్ ఈ ఉధృతిని తగ్గించేందుకు వాడతారు.

శాంతపరిచే మందు మెడెటోమిడిన్‌ది మరో తీరు: అడ్రినలిన్‌ను బాగా అణచివేస్తూనే, ఇన్సులిన్ విడుదలను తగ్గించి రక్తంలో చక్కెర పెంచుతుంది. అది వాడినప్పుడు పెరిగిన గ్లూకోజ్ ఒక్కటే ఒత్తిడికి కొలమానం కాదు.