కంఠం నుంచి కణం దాకా

తిరుమల ధర్మగిరిలో వేద పాఠశాల 1884లో మొదలైంది. కొండ మీది ఆలయం అప్పట్లో హథీరాంజీ మఠం మహంతుల పాలనలో ఉండేది. మరుసటి ఏడాదే జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ జ్ఞాపకం మీద తన గ్రంథం వెలువరించాడు. అర్థం లేని అక్షరాలను తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరుస్తున్నాడో లెక్కకట్టాడు. మరుపు తొలి గంటల్లోనే ఎక్కువని, ఒక్క పూటలో నూరిపోసుకునే కన్నా రోజుల మీద పంచుకుని వల్లె వేస్తే పాఠం గట్టిగా నిలుస్తుందని తేల్చాడు. వేద పాఠశాలలో గురువు పలికించి సంత చెప్పడం, శిష్యుడు రోజుల తరబడి వల్లించడం అనే పద్ధతి తరాల అనుభవంతో పట్టుకున్న సత్యమూ ఇదే.

సంగతులను గుర్తుంచుకునే పని మెదడులో ఎక్కడ జరుగుతుందో 1953 తర్వాతే స్పష్టమవుతూ వచ్చింది. మూర్ఛ తగ్గించేందుకు అమెరికాలో హెన్రీ మొలైసన్‌కు మెదడు రెండు వైపులా ఉండే హిప్పోకాంపస్ అనే భాగంలో చాలా మేర తీసేశారు. పాత సంగతులు చాలావరకు మిగిలాయి, కొత్తవి నిలవలేదు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం అతను నేర్చుకున్నాడు. నేర్చిన సంగతే గుర్తులేదు. చేతికి అలవడే విద్యకూ, మనసులో నిలిచే సంగతికీ దారులు వేరని అతన్ని పరీక్షించిన శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ పరిశీలనల్లో బయటపడింది.

1973లో శాస్త్రవేత్తలు బ్లిస్, లోమో కుందేలు హిప్పోకాంపస్‌లో నాడీకణాల మధ్య సంధులు పదేపదే ప్రేరేపిస్తే బలపడతాయనీ, ఆ బలం గంటల తరబడి నిలుస్తుందనీ చూపారు. తాత్కాలిక జ్ఞాపకానికి ఉన్న సంధి బలపడితే చాలు, దీర్ఘకాలిక జ్ఞాపకానికి కొత్త ప్రొటీన్లు, కొత్త సంధులు కావాలని సముద్రపు నత్త మీద పనిచేసిన ఎరిక్ కాండెల్ నిరూపించాడు. 2000లో ఆయనకు నోబెల్ దక్కింది.

అదే ఏడాది కరీం నాదర్ బృందం మరో మెట్టు ఎక్కింది. ఒక శబ్దానికి భయపడడం నేర్చిన ఎలుకలకు ఆ శబ్దం మళ్లీ వినిపించి, వెంటనే మెదడులో ప్రొటీన్ల తయారీని ఆపే మందు ఇస్తే ఆ భయం చెదిరిపోయింది. శబ్దం వినిపించకుండా మందిస్తే చెదరలేదు. జ్ఞాపకం అన్నమయ్య రాగిరేకుల మీది అక్షరం కాదు. గుర్తుచేసుకున్నప్పుడు మార్పుకు లోనుకాగలదు.

ధర్మగిరి పద్ధతిలోని లోతు ఇక్కడే తెలుస్తుంది. ఘనపాఠంలో మూడు పదాలను ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, మళ్లీ ఒకటి-రెండు-మూడు అని వల్లిస్తారు. ప్రతి పదానికీ ముందూ వెనకా కాపలా ఉంటుంది. పైగా గురువు వింటూ ఉంటాడు. స్వరం తప్పితే అక్కడే దిద్దుతాడు. గుర్తుచేసుకునే ఘడియలోనే తప్పు చొరబడగలదు కనుక, ఆ ఘడియకే కాపలా పెట్టిన విద్య ఇది.

2016లో వెలువడిన అధ్యయనంలో జేమ్స్ హార్ట్‌జెల్ బృందం 21 మంది వేదపండితుల మెదళ్లను స్కాన్ చేసి, ఇతరులతో పోలిస్తే భాషకూ జ్ఞాపకానికీ సంబంధించిన భాగాల్లో తేడాలు గుర్తించింది. అవి సాధన వల్ల వచ్చాయా, ముందే ఉన్నాయా అన్నది ఒక్కసారి తీసిన స్కాన్ చెప్పలేదు. పాఠశాలలో చేరిన నాటి నుంచి ఘనం పూర్తయ్యేదాకా విద్యార్థుల్ని, వారి సమ్మతితోనూ పెద్దల సమ్మతితోనూ, పరిశీలిస్తేనే తేలుతుంది. వేద విశ్వవిద్యాలయమూ స్విమ్స్ ఆసుపత్రీ ఒకే ఊళ్లో ఉన్న తిరుపతి ఆ పనికి పూనుకోవాలి.